బొగ్గుగనుల పట్టణమున సినిమా టాకీసు – గోదావరిఖని సాంఘిక చరిత్రకు ఒక ఆధారము

1. ప్రస్తావన

పట్టణచరిత్రను వ్రాయువారు దేవాలయము, కోట, శాసనము, బజారు, పాఠశాల, గ్రంథాలయము మున్నగువానిని ఆధారములుగా గ్రహించుట పరిపాటి. సినిమా టాకీసును ఆ వరుసలో చేర్చుట మనకు ఇంకను అలవాటు కాలేదు. ఓరుగల్లు, రాజమహేంద్రవరము వంటి ప్రాచీననగరముల విషయమున ఈ లోపము వలన గొప్ప నష్టము కలుగకపోవచ్చును. అచ్చట చెప్పుటకు వేఱు సాక్షులు పెక్కు కలవు. కాని ఆఱు దశాబ్దుల క్రిందట పుట్టిన పట్టణమునకు శాసనములు లేవు, స్థలపురాణము లేదు. అట్టి పట్టణమున జనులందఱు కలసి కూర్చున్న చోటు ఏది, ఎవరి ప్రక్కను ఎవరు కూర్చుండిరి, ఏ వేళకు వచ్చి ఏ వేళకు పోయిరి అను ప్రశ్నలకు సమాధానము చెప్పగల కట్టడము తఱచుగా టాకీసు ఒక్కటియే.

పెద్దపల్లి జిల్లాలోని గోదావరిఖని అట్టి పట్టణము. సింగరేణి బొగ్గుగనుల చరిత్ర ముఖ్యముగా రెండు విధముల వ్రాయబడుచున్నది. ఒకటి ఉత్పత్తి చరిత్ర. రెండవది పోరాటముల చరిత్ర. మొదటిది గనినుండి వెడలిన టన్నులను లెక్కించును. రెండవది పని నిలిచిన దినములను స్మరించును. రెండును అవసరములే. కాని పనికిని సమ్మెకును నడుమ కార్మికుడు తన ఇష్టము వచ్చినట్లు గడపిన కాలమొకటి కలదు. ఆ కాలము ఈ రెండు చరిత్రలలోను చోటు చేసికొనలేదు. దానికి సాక్షి టాకీసు. అదియును మన కండ్లయెదుటనే అంతరించుచున్నది. ఆ సాక్ష్యము ఎట్టిది, దానిని ఎట్లు పరీక్షింపవలెను అనునవి ఈ వ్యాసమున విచారింపబడును.

2. పట్టణము పుట్టిన విధము

1871లో భారత భూగర్భ పరిశోధనశాఖకు చెందిన డాక్టరు విలియం కింగు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. సమీపమున నున్న సింగరేణి గ్రామమును బట్టి ఆ గనులకు ఆ పేరు వచ్చినది. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ తవ్వకపు హక్కులను సంపాదించి, 1889లో ఇల్లెందున త్రవ్వకము సాగించెను. 1920లో సింగరేణి కాలరీసు కంపెనీ ఏర్పడెను. 1945లో నిజాము ప్రభుత్వము అందలి అధికసంఖ్యాకములగు వాటాలను కొనెను. 1960లో కేంద్రప్రభుత్వమును భాగస్వామి యయ్యెను. ఇల్లెందు తరువాత కొత్తగూడెము, బెల్లంపల్లి ప్రాంతములలో గనులు వెలసినవి. గోదావరి దక్షిణపుటొడ్డున రామగుండము ప్రాంతపు గనులు 1960వ దశాబ్ది ప్రారంభమున గాని పని చేయ మొదలిడలేదు.

ఈ కాలక్రమము మన విషయమునకు ముఖ్యము. హెచ్. ఎం. రెడ్డి దర్శకత్వమున నిర్మింపబడిన మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932 ఫిబ్రవరి 6వ తేదీన బొంబాయిలో విడుదలయ్యెను. అనగా ఇల్లెందున త్రవ్వకము మొదలిడిన నలువదిమూడు సంవత్సరములకు తెలుగుచిత్రము పుట్టినది. తెలుగుచిత్రము పుట్టిన సుమారు ముప్పది సంవత్సరములకు గోదావరిఖని పుట్టినది. ఇల్లెందు సినిమాకు పెద్దక్క, గోదావరిఖని చిన్నచెల్లెలు. ఇల్లెందున సినిమా లేని గనిజీవితమొకటి ఒక తరముపాటు సాగినది. గోదావరిఖనిలో అట్టి కాలము లేదనియే చెప్పవచ్చును. ఇచ్చటికి వలస వచ్చిన కరీంనగరము, వరంగల్లు, ఆదిలాబాదు, ఖమ్మము ప్రాంతముల వారిలో చాలమందికి సినిమా అంతకుముందే తెలిసిన విషయము.

పట్టణనామమునందును ఒక విశేషము కలదు. రామగుండము పాతయూరు; రైలు స్టేషను పేరును అదియే. క్రొత్త పట్టణమునకు సంస్కృతపదమగు ‘ఖని’ చేరి గోదావరిఖని అని పేరు వచ్చినది. నేడు చుట్టుప్రక్కలవారు ‘ఖని’ యనియే సంక్షిప్తముగా వాడుదురు. కాని గనిలో దిగు కార్మికుడు తాను ఖనికి పోవుచున్నానని యనడు. ‘బాయికి పోతున్న’ అనును. బావి యను మాట తెలంగాణమున ‘బాయి’ యైనది. నీటికొఱకు త్రవ్వినదియు బాయియే, బొగ్గుకొఱకు త్రవ్వినదియు బాయియే. పేటలకు సయితము గని సంఖ్యలే పేరులైనవి. ఎనిమిదవ ఇంక్లైను చుట్టు వెలసిన నివాసములను ‘యైటింక్లైన్ కాలనీ’ యందురు. ఊరిపేరు సంస్కృతము, పనిపేరు తెలుగు, పేటపేరు ఇంగ్లీషు. ఇట్టి పట్టణమున పుట్టిన టాకీసు సంస్కృతియు ఈ కలయికను చూపక మానలేదు.

3. టాకీసు వచ్చిన త్రోవ

తెలుగువారిలో చిత్రప్రదర్శనమునకు మూలపురుషుడు రఘుపతి వెంకయ్య. ఆయన 1914లో మదరాసున గెయిటీ అను ప్రదర్శనశాలను కట్టించెను. 1921లో బెజవాడలో మారుతీ టాకీసు వెలసెను. నిజాము రాజధానిలో ధీరేంద్రనాథ గంగూలీ అను వంగీయుడు 1922లో లోటస్ ఫిల్ము కంపెనీని స్థాపించి చిత్రములను తీసెను. ‘రజియా బేగము’ అను చిత్రమును ప్రదర్శించి ప్రభువు ఆగ్రహమునకు గురియై 1924లో హైదరాబాదు విడువవలసి వచ్చెను. మదరాసు, బెజవాడ, హైదరాబాదు – ఈ మూడు చోట్ల టాకీసుకు ముందే నగరము కలదు, నాటకము కలదు, ప్రేక్షకుడు కలడు. కృష్ణా గోదావరీ మండలముల పట్టణములలో నాటకశాలలే కొన్ని చిత్రశాలలుగా మాఱినవి. నాటకమునకు వచ్చినవాడే సినిమాకు వచ్చెను.

బొగ్గుగనుల పట్టణమున క్రమము వేఱు. మొదట గని, తరువాత కార్మికుల వరుసయిండ్లు, ఆ తరువాత చాయహోటలు, కిరాణపుదుకాణము, కల్లుదుకాణము, పిమ్మట టాకీసు. ఇచ్చట ప్రేక్షకుని తయారుచేసినది నాటకసమాజము కాదు, నెలజీతము. చేతికి నగదు వచ్చు జనము వేలసంఖ్యలో ఒక్కచోట నివసించుటయే టాకీసునకు పునాది. వ్యవసాయగ్రామమున నగదు పంటకాలమున మాత్రమే కనబడును. గని పట్టణమున అది నెలనెల కనబడును. కావున టూరింగు టాకీసుల డేరాలు గ్రామములలో ఋతువును బట్టి నడచెను. గనుల పట్టణములలో ఏడాది పొడవున నిలుచు శాశ్వతశాలలకు ఆధారము దొరకినది.

టూరింగు టాకీసున సామాన్యముగా ఒకే ప్రొజెక్టరు ఉండెడిది. ఒక రీలు ముగిసిన పిదప మఱియొక రీలు ఎక్కించువఱకు ఆట ఆగవలసియుండెను. వేయి అడుగుల రీలు పదునొకండు నిమిషములు మాత్రము నడచును. రెండు ప్రొజెక్టరులు గల శాశ్వతశాలలో ఒకదానివెంట నొకటిగా రీళ్లు ఎడతెగక సాగును. అందులో వెలుగు కార్బను కడ్డీల మంట. కడ్డీలు కాలికాలి తఱుగుచుండగా వానిని మెల్లగా దగ్గఱకు జరపుచు వెలుగు తగ్గకుండ చూచుట ఆపరేటరు పని. బొగ్గు త్రవ్వువాని వినోదమునకును బొగ్గే వెలుగయ్యెనని చెప్పిన అది అలంకారము కాదు. కార్బను అనగా బొగ్గుజాతి పదార్థమే కదా.

చిత్రము టాకీసునకు చేరు మార్గమును తెలియవలెను. సినిమా వ్యాపారులు తెలుగుదేశమును నైజాము, సీడెడ్, ఆంధ్ర అని విభజించి హక్కులను అమ్ముదురు. నిజాము రాజ్యము 1948లో అంతరించినది; హైదరాబాదు రాష్ట్రము 1956లో అంతరించినది; కాని సినిమా వ్యాపారమున ‘నైజాము’ నేటికిని సజీవముగా నున్నది. ప్రాంతములలో మఱల ఎ, బి, సి సెంటరులను తరగతులు కలవు. ప్రింట్ల సంఖ్య తక్కువగా నున్న కాలమున చిత్రము మొదట పెద్ద పట్టణములలో ఆడి, ఆ పిదప చిన్న పట్టణములకు వచ్చెడిది. ఈ ఆలస్యమును చరిత్రకారుడు మఱువరాదు. చిత్రము విడుదలయైన సంవత్సరమును, అది ఒక గని పట్టణమున ఆడిన సంవత్సరమును ఒకటి కానక్కఱలేదు.

4. షిఫ్టు – ఆట

గనుల పట్టణమునందలి టాకీసును తక్కిన పట్టణముల టాకీసులనుండి వేఱుపఱచు ముఖ్యలక్షణము కాలవిభాగము. 1952 నాటి గనుల చట్టము భూగర్భమున పనిచేయువానికి దినమునకు ఎనిమిది గంటలు, వారమునకు నలువదియెనిమిది గంటలు మించరాదని నిర్ణయించినది. ఇరువదినాలుగు గంటలు మూడు షిఫ్టులైనవి. సామాన్యముగా మొదటి షిఫ్టు ఉదయము 7 గంటలనుండి 3 వఱకు, రెండవది 3నుండి రాత్రి 11 వఱకు, మూడవది 11నుండి మఱునాటి 7 వఱకు. టాకీసునకును విభాగము కలదు: మార్నింగు షో, మ్యాట్నీ, ఫస్టు షో, సెకండు షో. మార్నింగు షో పగలు పదునొకండు గంటల ప్రాంతమున, మ్యాట్నీ మధ్యాహ్నము రెండున్నర ప్రాంతమున, ఫస్టు షో సాయంత్రము ఆఱు గంటల ప్రాంతమున, సెకండు షో రాత్రి తొమ్మిది దాటిన పిదప మొదలగుట వాడుక.

ఈ రెండు పట్టికలను ఒకదానిప్రక్క నొకటి ఉంచి చూడవలెను. మొదటి షిఫ్టువాడు మూడు గంటలకు పైకి వచ్చి, స్నానము చేసి, ఫస్టు షోకు పోగలడు. వాడు సెకండు షోకు పోయినచో అర్ధరాత్రి దాటిన పిదప ఇల్లు చేరి, తెల్లవాఱకముందే లేవవలెను. రెండవ షిఫ్టువానికి సాయంకాలపు ఆటలు రెండును అందవు. మార్నింగు షో ఒక్కటియే అందును. రాత్రి షిఫ్టువాడు ఉదయము వచ్చి నిద్రించి మ్యాట్నీకి పోవచ్చును. లేదా ఫస్టు షో చూచి తిన్నగా బాయికి పోవచ్చును. షిఫ్టులు వారము వారము మాఱుచుండును గనుక, మూడు వారములలో ఒక్కొక్క కార్మికుడు అన్ని ఆటల ప్రేక్షకుడును అగును. ఇతర పట్టణములలో మ్యాట్నీ స్త్రీలది, మార్నింగు షో విద్యార్థులది, సెకండు షో పురుషులది అను విభాగము కొంతవఱకు స్థిరము. ఇచ్చట ఆ విభాగము నిలువదు. పగటియాటలో పనివారు కూర్చుండుట అన్యత్ర సోమరితనమునకు గుఱుతు. ఇచ్చట రాత్రియంతయు పనిచేసినవాని హక్కు.

సంఖ్యావాచకములును గమనింపదగినవి. ‘ఫస్టు షిఫ్టు’, ‘సెకండు షిఫ్టు’ అను మాటలును, ‘ఫస్టు షో’, ‘సెకండు షో’ అను మాటలును ఒకే మూసలో పోసినవి. గనిలో నాగా పెట్టిన దినము, ఆదివారము, పండుగ – ఇవి టాకీసునకు నిండుదినములు. సింగరేణి కార్మికులు ఆదివారపు సెలవును ‘ప్లేడే’ యందురు. ఇంగ్లీషున ఆటదినమని యర్థము వచ్చు ఈ మాట కార్మికుల నోట అచ్చతెలుగు మాటవలె నలిగిపోయినది. ఆ దినమున పనికి పోయినవానికి ఎక్కువ వేతనము. కావున ప్లేడేనాడు ఆటకు పోవలెనా, బాయికి పోవలెనా అనునది ఇంటింట ఒక ఆర్థికసమస్య. కార్మికుడు కొనిన టికెట్టు వెల కేవలము అచ్చువేసిన వెల కాదు. వదలుకొనిన కూలియును అందు చేరును. వినోదచరిత్రను వ్రాయువారు ఈ లెక్కను గమనింపవలెను.

5. నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ

టాకీసున కూర్చుండు వరుసలు సమాజమునకు ప్రతిబింబములని చెప్పుట కలదు. గని పట్టణమున ఈ మాటను కొంత సవరింపవలెను. కంపెనీ కాలనీలలో ఇల్లు ఉద్యోగపు తరగతిని బట్టి లభించును. అధికారి బంగళాలుండు చోటు వేఱు. కార్మికుని క్వార్టరులుండు చోటు వేఱు. అధికారుల క్లబ్బులో తట్టా చెమ్మాసు పట్టు కోల్ ఫిల్లరునకు ప్రవేశము లేదు. టాకీసులో మాత్రము తరగతిని నిర్ణయించునది హోదా కాదు, చేతనున్న నాణెము. నెల చివర నేలటికెట్టు కొనినవాడు జీతముల దినమున బాల్కనీ టికెట్టు కొనవచ్చును. ఓవర్‌మెన్ ప్రక్కను కూర్చుండవచ్చును. అసమానత పోయినదని దీని యర్థము కాదు. కాని ఇతరచోట్ల కంపెనీ నిర్ణయించిన స్థానము, ఇచ్చట మూడు గంటలపాటు కార్మికుని నిర్ణయమునకు వదలబడినది.

స్త్రీల విషయము ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. గనుల చట్టము స్త్రీలను భూగర్భమున పనిచేయింపరాదని నిషేధించినది. 2019లో మాత్రమే ఆ నిషేధము షరతులతో సడలింపబడినది. కావున గోదావరిఖనిలో గనిజీవితము పురుషుల లోకముగా వర్ధిల్లినది. సంఘపు సభ, మస్టరు, చాయహోటలు, కల్లుదుకాణము – అన్నియు పురుషులవే. స్త్రీలు గుంపుగా, పట్టపగలు, తమకై తాము పోగల బహిరంగస్థలములు గుడియును టాకీసును మాత్రమే. స్త్రీలకు వేఱుగా టికెట్టుకిటికీ, వేఱుగా వరుస ఉండుట ఆనాటి శాలలలో సామాన్యము. భర్త రెండవ షిఫ్టున నున్నపుడు, ఇరుగుపొరుగు స్త్రీలు మ్యాట్నీకి కలసి పోవుటకు షిఫ్టే అవకాశమిచ్చినది. ఈ అనుభవము ఏ సంఘపు నివేదికలోను చేరదు. పరిశోధకుడు పోయి అడిగినపుడే బయటపడును.

బొగ్గుగని కార్మికుల సంక్షేమనిధి చట్టము 1947లో వచ్చినది. గృహవసతి, వైద్యముతో పాటు వినోదసౌకర్యములను కల్పించుటయును ఆ నిధి ఉద్దేశములలో నొకటి. 1986లో ఆ చట్టము రద్దయ్యెను. ప్రభుత్వము వినోదమును సంక్షేమముగా భావించి ఇచ్చినది. టాకీసు దానిని వ్యాపారముగా అమ్మినది. కార్మికుడు సంక్షేమముగా దొరకిన వినోదమున్నను డబ్బిచ్చి వేఱొక వినోదమును కొనెను. తాను కోరుకొనిన వినోదమునకు తానే వెల చెల్లించుటలో ఒక స్వాతంత్ర్యము కలదు.

6. తెఱమీది భాషయు, బాయిమీది భాషయు

తెలుగు పరిశోధకులకు ఎక్కువగా సంబంధించిన అంశమిది. టాకీసు కార్మికునకు తెలుగును వినిపించినది; కాని అది అతని తెలుగు కాదు. చలనచిత్రముల భాష చిరకాలము కృష్ణా గోదావరీ మండలముల శిష్టభాషగా సాగినది. తెలంగాణపు మాట తెఱమీద వినబడినపుడు తఱచు హాస్యగానినోటనో, దుష్టపాత్రనోటనో వినబడెను. ‘పోతున్న’, ‘వస్తున్న’ అని ఇంట పలుకువాడు తన పలుకుబడికి శాలయంతయు నవ్వుట విని, తానును నవ్వెను. ఈ నవ్వు ఎట్టిదో విచారింపవలసియున్నది. నేలతరగతివాడు తన్నుతాను చూచి నవ్వుకొన్నాడా, లేక ఆ పాత్ర తాను కాదని నవ్వినాడా? ఈ ప్రశ్న నిఘంటువులకు లొంగునది కాదు.

దీనికి భిన్నమగు మార్గము ‘మా భూమి’ (1979) వంటి చిత్రములలో కనబడినది. గౌతమ్ ఘోష్ దర్శకత్వమున, బి. నర్సింగరావు నిర్మాతృత్వమున వెలువడిన ఆ చిత్రమున తెలంగాణపు జీవనము, పలుకుబడి గౌరవస్థానము పొందినవి. సాహిత్యమున అల్లం రాజయ్య కథలు, పి. చంద్ నవలలు సింగరేణి కార్మికుని భాషకు గ్రంథస్థానము కల్పించినవి. ప్రసిద్ధకథానాయకుని నోట బొగ్గుగనుల ప్రాంతపు మాట జనరంజకచిత్రమున వినబడుటకు మాత్రము చాలకాలము పట్టినది. శ్రీకాంత్ ఓదెల దర్శకత్వమున 2023 మార్చి 30వ తేదీన విడుదలయైన ‘దసరా’ సింగరేణి గనుల చేరువనున్న ఒక పల్లెను కథాస్థలముగా గ్రహించినది. గనివాని మాట తెఱమీదికి వచ్చునప్పటికి, ఆ మాటను పలికిన తరము చూచిన నేలతరగతి లేకపోయినది.

గని విషయముగల చిత్రము గనివానికి ఎట్లుండును? 1975 డిసెంబరు 27వ తేదీన నేటి ఝార్ఖండు రాష్ట్రమునందలి చాస్నాలా గనిలోనికి నీరు చొచ్చుకొనివచ్చి మూడువందల డెబ్బదిమందికి పైగా మరణించిరి. ఆ దుర్ఘటన ఛాయలతో యశ్ చోప్రా 1979లో ‘కాలా పత్థర్’ అను హిందీచిత్రమును తీసెను. నగరప్రేక్షకునకు అది సాహసకథ. 2003 జూన్ 16వ తేదీన గోదావరిఖనిలోని 7 ఎల్‌ఈపీ గనిలోనికి అట్లే నీరు చొచ్చుకొనివచ్చి పదునేడుగురు కార్మికులు మరణించిరి. అట్టి పట్టణమున జలప్రవాహపు దృశ్యమును చూచువానికి అది కథ కాదు, హెచ్చరిక. ఒకే చిత్రము రెండు పట్టణములలో రెండు చిత్రములగునని ఇందువలన తెలియుచున్నది. చిత్రమును మాత్రము పరిశీలించి ప్రేక్షకుని మఱచు విమర్శ ఈ భేదమును చూడజాలదు.

7. క్షీణదశ

టాకీసుల క్షీణతకు టెలివిజను, వీడియో, కేబులు, చేతిఫోను కారణములని సామాన్యముగా చెప్పుదురు. ఇవి అన్ని పట్టణములకును వర్తించు కారణములు. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము 1977లో మొదలైనది. 1980వ దశాబ్దిలో వీడియోలు, 1990వ దశాబ్దిలో కేబులు ప్రసారములు వ్యాపించినవి. 2010 తరువాత కొలది యేండ్లలో ఫిల్ము రీళ్లు పోయి డిజిటలు ప్రదర్శనము స్థిరపడినది. 2020లో మహమ్మారివలన శాలలన్నియు నెలల తరబడి మూతపడినవి. 2024 మే నెలలో ప్రేక్షకులు లేరని తెలంగాణమునందలి ఒంటితెఱ శాలలు కొన్ని దినములు ప్రదర్శనములను నిలిపివేసినవి.

గని పట్టణమునకు వీనికి తోడు ప్రత్యేకకారణ మొకటి కలదు. 1990–91 ప్రాంతమున సింగరేణిలో సుమారు 1,16,000 మంది ఉద్యోగులుండిరి. నాటి ఉత్పత్తి రెండుకోట్ల టన్నులకు లోపు. 2023–24లో ఉత్పత్తి సుమారు ఏడుకోట్ల టన్నులు; ఉద్యోగులు సుమారు నలువదివేలు. బొగ్గు మూడురెట్లు మించి పెరిగినది. మనుష్యులు మూడవవంతునకు తగ్గిరి. భూగర్భమున తట్టా చెమ్మాసుల స్థానమున యంత్రములు వచ్చినవి. భూగర్భగనుల స్థానమున ఓపెన్‌కాస్టు గనులు వచ్చినవి. రామగుండముననే ఎరువుల కర్మాగారము 1999లో మూతపడి, క్రొత్త సంస్థ పేర 2021లో గాని మఱల ఉత్పత్తి సాగింపలేదు.

ఉత్పత్తి లెక్కలు మాత్రము చూచువానికి ఇది అభివృద్ధి కథ. టాకీసు గుమ్మమున నిలిచి చూచువానికి ఇది జనక్షయపు కథ. టాకీసు టన్నులవలన బ్రతుకదు; తలలవలన బ్రతుకును. షిఫ్టు వదలినపుడు గేటునుండి వెలువడు జనప్రవాహమే దానికి ప్రాణము. ఆ ప్రవాహము సన్నగిల్లిన దినముననే టాకీసునకు తెఱ పడనారంభించినది. టెలివిజను దానిని తొందరపెట్టినది మాత్రమే.

8. జ్ఞాపకమును పరీక్షించు విధము

టాకీసు చరిత్రకు లిఖితాధారములు లేకపోలేదు. శాలకు లైసెన్సు ఇచ్చునది జిల్లా అధికారి. కావున కట్టడపు నక్ష, ఆసనముల సంఖ్య, లైసెన్సు పునరుద్ధరణములు కార్యాలయపు దస్త్రములలో నుండవలెను. 2017 జూలై 1వ తేదీన వస్తుసేవల పన్ను వచ్చువఱకు వినోదపు పన్ను అమలులో నుండెను. పన్ను నిమిత్తము ప్రతియాటకును అమ్మిన టికెట్ల లెక్క వ్రాయవలసియుండెను. వ్యాపారులు దానిని ‘డీసీఆర్’ అందురు. ఒక పట్టణమున ఒక దినమున ఎంతమంది, ఏ యాటకు, ఏ తరగతిలో కూర్చుండిరో చెప్పు పత్రము మఱియొకటి మనకు లేదు. జీతముల దినము, సమ్మెకాలము, దసరా పండుగ – ఈ మూడింటి ఛాయలను ఆ పత్రములలో వెదకవచ్చును. ఇవిగాక గోడపత్రికలు, పాటలపుస్తకములు, టికెట్టుముక్కలు కలవు. వీనిని చిత్తుకాగితములుగా అమ్ముటకు ముందే సేకరింపవలెను.

ముఖ్యాధారము మాత్రము జ్ఞాపకమే. జ్ఞాపకమును నమ్మవలెను, కాని పరీక్షింపక నమ్మరాదు. ఇందుకు మూడు నియమములను సూచించుచున్నాను.

మొదటిది: మాటను బట్టి కాలమును నిర్ణయింపరాదు. వృద్ధుడొకడు ‘నాలుగణాల టికెట్టు’ అనినంత మాత్రమున ఆ ముచ్చట 1957 ఏప్రిలు 1వ తేదీన దశాంశనాణెములు రాకముందటిదని యనుకొనరాదు. నాణెములు మాఱిన పిదపను అణా, బేడ, పావలా అను మాటలు జనుల నోట బహుకాలము నిలిచినవి. ఇరువదియైదు పైసలను నాలుగణాలని యనుట సర్వసామాన్యము. అణాలతో టికెట్టు కొన్న అనుభవము కొత్తగూడెము, బెల్లంపల్లి వృద్ధులకు ఉండవచ్చును. గోదావరిఖని గనులు దశాంశకాలమున పుట్టినవి గనుక అచ్చట అది మాటలోనిదే గాని నాణెములోనిది కాదు.

రెండవది: చిత్రమును బట్టి సంవత్సరమును నిర్ణయించునపుడు జాగరూకత వలయును. ‘ఫలానా సినిమా ఆడిన యేడు పెండ్లి అయినది’ అని చెప్పుట మనవారికి అలవాటు. చిత్రము బి, సి సెంటరులకు ఆలస్యముగా వచ్చును. పాతచిత్రములు మఱల మఱల ఆడును. కావున సినిమాను కాక షిఫ్టును అడుగవలెను. ‘అప్పుడు మీరు ఏ బాయిలో, ఏ షిఫ్టున ఉండిరి?’ అను ప్రశ్నకు కార్మికుడు తప్పక సరిగా చెప్పగలడు. గని పేరు తెలిసినచో కాలము దొరకును.

మూడవది: ఒకే చిత్రమును గూర్చి భార్యాభర్తలను వేఱువేఱుగా అడుగవలెను. వారు చూచిన ఆటలు వేఱు, కూర్చున్న వరుసలు వేఱు, తిరిగివచ్చిన దారులు వేఱు. ఇద్దఱి జ్ఞాపకములును కలసినచోట ఊరి చరిత్ర కలదు. కలియనిచోట సంసారచరిత్ర కలదు. రెండును మనకు కావలసినవే.

9. ఉపసంహారము

ఈ పరిశోధనకు వ్యవధి తక్కువ. ఇతర పట్టణములలో పాతటాకీసు కూలిపోయినను దానిని చూచినవారు ఆ వీథిలోనే నివసించుచుందురు. గని పట్టణమున అట్లు కాదు. ఉద్యోగవిరమణము చేసిన కార్మికుడు కంపెనీ క్వార్టరును ఖాళీ చేయవలెను. కొందఱు పట్టణముననే ఇల్లు కట్టుకొందురు. పెక్కుమంది స్వగ్రామములకు పోవుదురు, లేదా బిడ్డలున్న నగరములకు పోవుదురు. ఒకే వరుసయింట నివసించి, ఒకే షిఫ్టున దిగి, ఒకే నేలపై కూర్చున్న పదిమంది నేడు పది ఊళ్లలో నున్నారు. గోదావరిఖని టాకీసు జ్ఞాపకము గోదావరిఖనిలో మాత్రమే వెదకిన దొరకదు. మంథని, హుజూరాబాదు, పరకాల, జగిత్యాల ప్రాంతముల పల్లెలలోను వెదకవలెను. తెలుగుదేశమున అనేకశాలలు కల్యాణమండపములుగాను, దుకాణముల సముదాయములుగాను మాఱినవి. బొగ్గుగనుల పట్టణములును ఇందుకు మినహాయింపు కావు.

కావున ఈ ప్రాంతపు కళాశాలల అధ్యాపకులకు ఒక మనవి. ఏటేట విద్యార్థులకు ఇచ్చు వ్యాసాంశములలో ‘మా తాత చూచిన టాకీసు’ అను నొక అంశమును చేర్చవలెను. విద్యార్థి తన ఇంటి వృద్ధులను ఏ బాయి, ఏ షిఫ్టు, ఏ యాట, ఏ తరగతి, ప్రక్కను ఎవరు అను ఐదు ప్రశ్నలడిగి, సమాధానములను వారి పలుకుబడిలోనే, మార్పులేక వ్రాసికొనిన చాలును. వందమంది విద్యార్థులు పదియేండ్లు ఈ పని చేసినచో వేయి సాక్ష్యములగును. బొగ్గు ఎన్ని టన్నులు వెడలెనో కంపెనీ పుస్తకములు ఎల్లప్పుడు చెప్పగలవు. దానిని త్రవ్వినవాడు పైకి వచ్చి, ఒడలు కడుగుకొని, ఎవరితో కలసి ఎచ్చటికి పోయెనో ఆ పుస్తకములు చెప్పవు. దానిని చెప్పువారు నేడు ఎనుబదియేండ్లకు చేరువలో నున్నారు.